ఫ్లేవర్ నశ్యాలు: ఎలా పీల్చాలి, ఒకదానితో ఒకటి ఎలా పోల్చాలి

ఫ్లేవర్ నశ్యాల్లోకి, అంటే సెంటు కలిపిన ముక్కుపొడుం రకాల్లోకి, కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది, డబ్బా మూత తీసి వాసన చూడగానే అబ్బ ఇది సూపర్, అది వేస్ట్ అని తేల్చేస్తారు. అది పొడుం రుచి కాదండీ, పైన కలిపిన సెంటు వాసన. అసలు పొగాకు ఎలాంటిదో తెలిసేది ముక్కులో పడిన ఐదు నిమిషాలకి, సెంటు ఎగిరిపోయి అడుగున ఆకు వాసన మిగిలినప్పుడు. నేను ఏ పొడుం గురించైనా అప్పటిదాకా ఆగి చెప్తాను, మీరూ అలాగే ఆగండి.

ముందు ఒక మాట. పొగ లేదు కాబట్టి ఏమీ కాదు అనుకోవద్దు, ఇదీ పొగాకే, నికోటిన్ పట్టుకుంటే వదలదు. 1761లోనే లండన్‌లో జాన్ హిల్ అనే డాక్టరు అతిగా నశ్యం పీల్చేవాళ్ల ముక్కుల్లో వచ్చే కాన్సర్ గడ్డల గురించి రాశాడు. మన చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకి అమ్మకూడదు. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టొద్దు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్న ఆడవాళ్లు అసలు దగ్గరికి రావొద్దు. ఇప్పటికే పీల్చేవాళ్లు తక్కువ పొడుంతో ఎక్కువ రుచి ఎలా తెలుసుకోవచ్చు అన్నదే నేను చెప్పేది.

మా పెద్దనాన్న పొడుం పీల్చేవాడు, ఎండిన అరటి పట్టలో చుట్టి ఇచ్చేవాళ్లు ఆ రోజుల్లో, విప్పగానే ఘాటు ఇల్లంతా పాకేది. ఆయన ముక్కులో దట్టించడం చూసి నేనూ పెద్దయ్యాక అలాగే గట్టిగా ఎగబీల్చాను, గొంతులోకి దిగి కళ్లు తిరిగి అరగంట మంచం మీద పడుకున్నాను. తప్పు అక్కడే ఉంది. పొడుం ముక్కు ముందు భాగంలోనే ఆగాలి, గొంతులోకి గానీ ఊపిరితిత్తుల్లోకి గానీ పోకూడదు. కందిగింజంత పొడుం బొటనవేలు చూపుడువేలు మధ్య తీసుకుని, పువ్వు వాసన చూసినంత మెల్లగా, చిన్నగా పీల్చండి, చాలు. గొంతులో చేదు తగిలిందంటే గట్టిగా పీల్చారని అర్థం. తుమ్ము వస్తే కంగారు పడక్కర్లేదు, అలవాటయ్యేకొద్దీ తగ్గిపోతుంది. వేళ్లతో కుదరకపోతే చెయ్యి చాచి బొటనవేలు పైకి లేపితే మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది కదా, అందులో వేసుకుని పీల్చండి, కొలత బాగా తెలుస్తుంది.

ఇక పోలిక. ఫ్లేవర్ పేరు చూసి జతలు కట్టకండి, ముందు మెత్తదనం, తేమ చూడండి. రెండువేళ్ల మధ్య నలిపితే బియ్యప్పిండిలా జారిపోతుందా, ఇసుకలా గరగరలాడుతుందా, ముద్ద కడుతుందా? పొడిగా, మెత్తగా ఉన్నది సర్రున పైకి పోయి మండుతుంది, తేమగా, బరకగా ఉన్నది ముక్కు ముందే కూర్చుని నెమ్మదిగా వాసన వదులుతుంది. అందుకే కొత్తవాళ్లకి తేమ నశ్యమే తేలిక. ఐర్లండ్ వాళ్ల టోస్ట్ రకం బాగా ఎండబెట్టి మెత్తగా చేసింది, ఇంగ్లండ్‌లో కెండల్ ఊరి నశ్యాలేమో నల్లగా, చెమ్మగా ఉంటాయి, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అనడం అటుకులకీ ఉప్మాకీ పోటీ పెట్టినట్టు. కెండల్ పక్కన ఇంకో కెండల్ పెట్టండి, అప్పుడు తేడా దొరుకుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పోలిక మాత్రం జర్మనీలో బవేరియా వాళ్ల ష్మాల్ట్‌స్లర్ నశ్యం, మన మద్రాసు పొడుం. ష్మాల్ట్‌స్లర్ అన్న పేరే ష్మాల్ట్స్ నుంచి వచ్చింది, అంటే కరిగించిన కొవ్వు, పాతకాలంలో బ్రెజిల్ పొగాకు పొడిలో కాచిన వెన్న కలిపేవాళ్లు. ఇక్కడ మద్రాసు వైపు పొడుంలోనూ నెయ్యి వేస్తారు! ఎక్కడో జర్మనీలో ఒకరు, ఇక్కడ ఒకరు, ఒకరికొకరు తెలియకుండా ఒకే ఆలోచన చేశారంటే నాకు భలే అనిపిస్తుంది. తేడా ఎక్కడంటే మనవాళ్లు సున్నం కూడా కలుపుతారు, సున్నం తగిలితే నికోటిన్ విడిపడి ముక్కు పొరలోంచి త్వరగా ఒంట్లోకి ఎక్కుతుంది, అందుకే మన పొడుం గూబ గుయ్యిమనిపిస్తుంది, ష్మాల్ట్‌స్లర్ ఎండు ద్రాక్ష, కోకో లాంటి తియ్యటి వాసనతో మెత్తగా సాగుతుంది. గుజరాత్ ధోలకియా వైట్ లాంటి తెల్ల పొడుం కూడా ఘాటైనదే, కొత్తవాళ్లు గింజలో సగం కంటే ఎక్కువ తీసుకోవద్దు.

మన బందరు పేరు కూడా ఇందులో ఉంది, మచిలీపట్నం నశ్యం అని 19వ శతాబ్దంలో లండన్ షాపుల్లో అమ్మేవాళ్లు. ఇప్పుడు ఆ రకం ఎవరైనా అలాగే చేసి అమ్మితే ముందు డబ్బా కొనేది నేనే.

మిగతావి తొందరగా చెప్తా. ఇంగ్లండ్ షెఫీల్డ్‌లో 1737లో మొదలైన విల్సన్స్ ఆఫ్ షారో కంపెనీ వాళ్ల ఎస్.పి. రకం నిమ్మ, నారింజ తొక్క వాసన దారిలో ఉంటుంది, సిట్రస్ ఇష్టమైతే అక్కడ మొదలెట్టండి. పండు వాసన కావాలంటే గావిత్ ఆప్రికాట్ ఉంది, జర్మనీ పోష్ల్ వాళ్లు చేస్తారు, తేలిక. అదే కంపెనీ గ్లెట్షర్‌ప్రీజె, ఇంగ్లండ్‌లో లెస్టర్ ఊరి మెక్‌క్రిస్టల్స్ ఒరిజినల్ రెండూ మెంథాల్ దారి.

మెంథాల్ గురించి గట్టిగా చెప్తున్నా, అది ఎప్పుడూ చివరికే పెట్టండి. ముక్కు చల్లబడి మొద్దుబారిపోయాక దాని తర్వాత వచ్చిన పొడుంలో ఏమీ తెలియదు, పాపం ఆ పొడుం తప్పేం లేదు. ఒకసారి కూర్చుంటే మూడు రకాలు చాలు, తేలికది ముందు, పొగాకు ఘాటు ఎక్కువున్నది తర్వాత, మెంథాల్ ఆఖరున. ఒక్కోదానికి మధ్య కనీసం ఇరవై నిమిషాలు, ఈలోపు గోరువెచ్చని నీళ్లతో ముక్కు కడుక్కుని కాస్త బయట తిరిగి రండి. అగరొత్తులు వెలిగించిన గదిలో, తాలింపు వేస్తున్నప్పుడు, జలుబు ఉన్నప్పుడు పోల్చవద్దు, ఆ రోజు రాసిందంతా చెత్తబుట్టలో వేయాల్సిందే. వికారం, గుండె దడ మొదలైతే ఆపేయండి, ఆ రోజుకి అంతే.

రాసుకోవడం తప్పనిసరి. డబ్బాలో వాసన ఏంటి, ముక్కులో పడగానే ఏంటి, ఐదు నిమిషాలకి ఏం మిగిలింది, మండిందా, గొంతులోకి దిగిందా, ఈ ఐదు ముక్కలు రాస్తే చాలు. పెద్ద మాటలు అక్కర్లేదు, మీకు తెలిసిన వాసనలే రాయండి, కొత్త తోలు చెప్పు, నానిన చింతపండు, వర్షం పడ్డాక పశువుల పాక, మాగిన సపోటా. నా నోట్సులో ఒక ష్మాల్ట్‌స్లర్ ఎదురుగా తాటిబెల్లం అని రాసుంది, రెండేళ్ల తర్వాత చదివినా ఆ వాసన ముక్కుకి తగులుతుంది. వీలైతే ఫ్రెండ్ చేత చిన్న కాగితం పొట్లాల్లో నంబర్లు వేయించి పేరు తెలియకుండా పీల్చండి, ఖరీదైన డబ్బా మీద ఉన్న అభిమానం ఎంతో అప్పుడు బయటపడుతుంది.

డబ్బాలు విడివిడిగా, గాలి పోకుండా, ఎండ తగలకుండా పెట్టుకోండి. మెంథాల్ డబ్బాలో తర్వాత ఇంకో రకం పోస్తే ఆ వాసన నెలలు వదలదు, అందుకే ఒక డబ్బాకి ఒకటే రకం. తేమ నశ్యం ఎండిపోతే పారేయకండి, దాన్ని మూతలేని చిన్న గిన్నెలో పోసి, పక్కన తడిపి పిండిన దూది ఇంకో గిన్నెలో పెట్టి, రెండూ కలిపి పెద్ద డబ్బాలో ఒక రాత్రి మూసి ఉంచండి, నీళ్లు నేరుగా తగలకూడదు, బూజు పడుతుంది. పొద్దున్నే నలిపి చూస్తే మళ్లీ మెత్తగా ముద్ద కడుతుంది. అన్నట్టు జేబురుమాలు ముదురు రంగుది పెట్టుకోండి, తెల్లది అయితే ఆ గోధుమరంగు మరకలు ఎంత ఉతికినా పోవు.