రోడ్ ర్యాష్ ఆడాలంటే ముందు బెజవాడ అలవాటు మానాలి

రోడ్ ర్యాష్ అంటే బైకు రేసులో పోటీవాళ్లను కొట్టి పడేస్తూ దూసుకుపోయే వీడియో గేమ్. అందులో కొత్తవాళ్లను ఎక్కువసార్లు పడేసేది ఎదురొచ్చే కార్లే. బందరు రోడ్డు మీదో, గుంటూరు బ్రాడీపేటలోనో బండి నేర్చుకున్న చెయ్యి ఖాళీ దొరకగానే ఎడమకు లాగుతుంది. ఈ ఆట జరిగేది కాలిఫోర్నియాలో. అక్కడ బండ్లన్నీ కుడివైపున పోతాయి, ఎడమ సగం నిండా మీకు ఎదురొచ్చేవే. అంటే మన దగ్గర క్షేమమైన పక్క అక్కడ రాంగ్ రూట్. గుద్దులు, తన్నులు తర్వాత సంగతి. మొదటి పది రేసులు ఎవర్నీ కొట్టకుండా కుడి సగంలో నిలకడగా నడపడానికే పెట్టుకోండి.

మన ఊళ్లలో ఎక్కువమంది ఎరిగింది 1996లో వచ్చిన విండోస్ 95 కంప్యూటర్ ఆట. సిరీస్ మొదలైంది మాత్రం 1991లో, సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ కన్సోల్ మీద. రెండో భాగం 1992లో వచ్చింది. అందులో అలాస్కా, హవాయి లాంటి రోడ్లు, కొట్టడానికి గొలుసు, వేగం పెంచే నైట్రో ఉంటాయి. నైట్రో ఉన్న బండి కొన్నాక ఎక్సలేటర్ బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే బండి ఒక్కసారిగా దూసుకుపోతుంది. ఇక్కడ చెప్పేది కంప్యూటర్ ఆట గురించే. లైను, దెబ్బ, పోలీసు సూత్రాలు మాత్రం పాతవాటికీ సరిపోతాయి.

ముందు ఆట తెరుచుకోవాలి కదా. ఇప్పటి విండోస్ 10, 11లో సీడీ పెట్టగానే పనైపోతుందనుకోవద్దు. ఆ కాలపు సీడీల్లో ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, అంటే పాత తరం విండోస్‌కు రాసింది కావడం మామూలే. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. సెటప్ నొక్కితే చడీచప్పుడు లేకపోయినా, ఈ యాప్ మీ పీసీలో నడవదని వచ్చినా కారణం చాలావరకు అదే. పాత 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ మూలన పడి ఉంటే అన్నిటికన్నా సులువైన దారి అదే. కొత్త సిస్టమ్‌లోనే ఆడాలంటే, ముందే ఇన్‌స్టాల్ చేసి ఉన్న ఆట ఫోల్డర్‌తో ఈ నాలుగూ చేయండి:

1. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి. అక్కడ ఫైళ్లు రాయడానికి విండోస్ అడ్డుపడుతుంది, సేవ్ చేసిన ఆట మర్నాటికి కనిపించకపోవచ్చు. సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి.

2. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, లెగసీ కాంపోనెంట్స్ కింద డైరెక్ట్‌ప్లే అనే, పాత ఆటలకు కావలసిన భాగానికి టిక్ పెట్టండి. అది లేకపోతే ఆట మొదలయ్యే చోటే ఆగిపోవచ్చు.

3. ఆట ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ. విండోస్ 95 ఎంచుకోండి. 8 బిట్ 256 రంగులకు, 640 బై 480కి టిక్ పెట్టండి. ఆకాశం గులాబీ రంగులోనో, రోడ్డు ఆకుపచ్చగానో కనిపిస్తే ఈ 256 రంగుల టిక్ పడిందో లేదో చూసుకోండి.

4. అదే చోట రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కూడా పెట్టండి.

ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫోల్డర్‌ను ముందు స్కాన్ చేయకుండా తెరవద్దు. ఈ ఆట పేరుతో తిరిగే ఫైళ్లన్నీ ఆటలే అనుకోవడం అమాయకత్వం.

తర్వాత కీబోర్డు. దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ సగం ఓటములు ఇక్కడే ఉన్నాయి. మామూలు కీబోర్డులో కీలన్నీ అడ్డం నిలువు గీతల వల మీద ఉంటాయి. కొన్ని మూడు కీలు ఒకేసారి నొక్కితే మూడోది సిస్టమ్‌కు చేరదు. ఎక్సలేటర్ పట్టుకుని, ఎడమకు తిప్పుతూ, గుద్దు కీ నొక్కి చూడండి. చెయ్యి లేవకపోతే తప్పు మీది కాదు, కీబోర్డుది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కీలకు చాలా కీబోర్డుల్లో వైరింగ్ విడిగా ఉంటుంది కాబట్టి దెబ్బ కీని వాటిలో ఒకదానికి మార్చుకోవడం మేలు. షిఫ్ట్ పెట్టుకుంటే మాత్రం సెట్టింగ్స్‌లో స్టికీ కీస్ షార్ట్‌కట్ ఆపేయండి. వరసగా ఐదుసార్లు షిఫ్ట్ పడగానే విండోస్ ఒక బాక్సు తెస్తుంది, ఆట కిందికి పోతుంది, మళ్లీ తెరిచేసరికి మీ బండి చెట్టు మొదట్లో ఉంటుంది. యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఉంటే ఈ గొడవే లేదు.

ఇక రోడ్డు. మెనూలో థ్రాష్ మోడ్, బిగ్ గేమ్ అని రెండుంటాయి. థ్రాష్‌లో డబ్బు లెక్క లేదు, నచ్చిన రోడ్డు మీద నేరుగా రేసు ఆడొచ్చు. సాధన అక్కడ చేయండి. నడపాల్సింది కుడి సగం మధ్యలో. మరీ అంచుకు వెళ్తే బోర్డులు, చెట్లు. మధ్య గీతకు ఆనుకుంటే ఎదురొచ్చేవాళ్ల అద్దాలు.

మలుపుల్లో లెక్క ఉంది. బండి ఎప్పుడూ మలుపుకు బయటివైపుకు తోసుకుపోతుంది. కుడి మలుపులో అది మిమ్మల్ని ఎడమకు, అంటే ఎదురు లైన్లోకి నెడుతుంది. ఎడమ మలుపులో కుడికి, అంటే మట్టిలోకి నెడుతుంది. మట్టిలో పడితే వేగం పోతుంది, ఎదురు లైన్లో పడితే రేసే పోవచ్చు. అందుకే కుడి మలుపు కనపడగానే ముందే కుడి అంచుకు జరిగి, ఎక్సలేటర్ ఒక్క క్షణం వదిలి, తిప్పి, మళ్లీ పట్టండి. బ్రేకు దాకా పోనక్కర్లేదు. చాలామంది మలుపు సగంలోకి వచ్చాక కంగారుగా బ్రేకు కొడతారు. అప్పటికే బండి గీత దాటేసి ఉంటుంది, వేగం కూడా లేక వెనకున్న నలుగురూ దాటిపోతారు.

ఎత్తు ఎక్కేటప్పుడు అవతల ఏముందో కనపడదు. శిఖరం దగ్గర ఓవర్‌టేక్ వద్దు, దెబ్బలాట అసలే వద్దు, కుడి సగంలోనే ఉండండి. ముందు నెమ్మదిగా పోయే కారును దాటాలంటే ఎదురు లైను దూరం దాకా ఖాళీగా ఉందని ముందే చూసుకుని దూరి, వెంటనే వెనక్కి రండి. సిటీ ట్రాక్‌లో అడ్డంగా వచ్చే బండ్లు, రోడ్డు దాటే మనుషులు ఉంటారు. బెంజ్ సర్కిల్ దాటిన అనుభవం పనికొచ్చే ఒక్క చోటు అదే.

ఇప్పుడు దెబ్బలు. గుద్దు దగ్గరగా ఉన్నప్పుడే తగులుతుంది. తన్ను అవతలివాణ్ణి పక్కకు నెట్టడానికి. కాబట్టి మీరు ఎటువైపు ఉన్నారన్నదే అసలు ప్రశ్న. ప్రత్యర్థికి కుడివైపున చేరండి. మీ తన్ను వాణ్ణి ఎదురొచ్చే కార్ల మీదికి తోస్తుంది, మిగతా పని కారు చూసుకుంటుంది. మీరు ఎడమవైపున ఉండి తంతే వాడు చెట్లలోకి పోవచ్చు, కానీ అప్పుడు నడిరోడ్డు మీద ఉన్నది మీరు, గుద్దుకునేది మిమ్మల్ని.

పక్కన నిలవాలంటే వేగం కలవాలి. వాడి కన్నా వేగంగా వెళ్తూ కొడితే దెబ్బ గాలికి పోతుంది. పక్కకు రాగానే ఎక్సలేటర్ తడతడగా పట్టి వదులుతూ ఇద్దరూ సమంగా పోయేలా చూడండి, అప్పుడు వెయ్యండి. తెర కింద మీ ఓపిక గీత, దగ్గరివాడి గీత, బండి ఎంత దెబ్బతిందో చూపే గీత కనిపిస్తాయి. వాడి గీత మీ దానికన్నా చాలా పొడుగుంటే వదిలేసి ముందుకు పోవడమే తెలివి. ఇద్దరి మధ్యలో చిక్కుకుంటే బ్రేకు కొట్టి వెనక్కి రండి, వాళ్లు ముందుకు జారిపోతారు.

కర్ర, గొలుసు చేతిలో ఉన్నవాడంటే భయపడక్కర్లేదు, వాడే మీకు ఆయుధం ఇచ్చేవాడు. వాడు చెయ్యెత్తి విసరబోయే క్షణంలో మీరు గుద్దు నొక్కితే ఆయుధం మీ చేతికొస్తుంది. ముందుగా నొక్కితే మామూలు గుద్దవుతుంది, ఆలస్యమైతే గొలుసు మీ వీపు మీద పడుతుంది. థ్రాష్‌లో ఒక్కడి వెంటే పడి ఈ సమయం పట్టుబడే దాకా చేయండి. ఇది వచ్చాక ఆట స్వరూపమే మారిపోతుంది.

పడిపోతే మీ మనిషి లేచి బండి దగ్గరికి పరిగెడతాడు. అప్పుడూ కార్లు ఆగవు, దిశ కీలతో తప్పించుకుంటూ వెళ్లాలి. సైరన్ వినపడుతుంటే పడకపోవడం ఇంకా ముఖ్యం. పోలీసు దగ్గరుండగా పడ్డారంటే రేసు అక్కడితో ఆఖరు, పైన ఫైను. వెనక పోలీసు ఉన్నంతసేపు కొట్లాటలు మాని శుభ్రంగా నడపండి. పోలీసునూ పడేయొచ్చు కానీ, కొత్తవాళ్లకు ఆ బేరం గిట్టదు.

బిగ్ గేమ్‌లో రోడ్లు ఐదు: సిటీ, పెనిన్సులా, పసిఫిక్ కోస్ట్ హైవే, సియెర్రా నెవాడా, నాపా వ్యాలీ. ఐదింటిలోనూ గట్టెక్కితేనే పై లెవెల్. మొదటి ముగ్గురిలో వస్తే నిశ్చింత. లెవెల్ పెరిగేకొద్దీ దారి పొడుగవుతుంది, పోటీవాళ్ల వేగమూ పెరుగుతుంది, కాబట్టి పాత బండి లాక్కురాదు. బండ్లలో రాట్, స్పోర్ట్, సూపర్ అని మూడు తరగతులు. గెలిచిన డబ్బంతా షోరూంలో పోసేయకండి. బండి పూర్తిగా చెడితే రిపేరు, పోలీసుకు దొరికితే ఫైను, రెండూ మీ జేబులోంచే. కట్టలేకపోతే ఆట ముగుస్తుంది. ఒక రిపేరుకూ ఒక ఫైనుకూ సరిపడా ఉంచుకుని, మిగిలిందాంతో కొనండి. రైడర్‌ను ఎంచుకునే తెరలో కూడా బొమ్మ చూసి నొక్కేయక, ఎవరి దగ్గర ఎంత డబ్బుందో, ఏ బండి ఉందో చదవండి.

ఎండాకాలం కరెంటును నమ్మలేం కాబట్టి డెస్క్‌టాప్‌లో ఆడేవాళ్లు యూపీఎస్ లేకుండా బిగ్ గేమ్ మొదలెట్టొద్దు. ప్రతి రేసు అయ్యాక సేవ్ చేయండి. పాత సీడీ దొరకనివాళ్లకు ఇదే దారిలో 2017లో వచ్చిన రోడ్ రిడెంప్షన్ అనే ఆట, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఉంది. అందులో దెబ్బను అడ్డుకునే బటన్ వేరే ఉంటుంది, దాన్ని ముందు నేర్చుకోండి.