గ్రాఫులు గీద్దాం – 7వ పాఠం: హీట్‌మ్యాప్‌లో మాయమైన అంకెలు

ఈసారి క్లస్టర్‌మ్యాప్ (పోలికలున్న వరుసలను పక్కపక్కన చేర్చి చూపే హీట్‌మ్యాప్) మొదలుపెట్టాలి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. 6వ పాఠం చేసినవాళ్లలో చాలామందికి హీట్‌మ్యాప్ (పట్టికలోని విలువలను గడిగడికీ రంగుగా చూపే గ్రాఫు) రంగులు చక్కగా వచ్చాయి కానీ, గళ్లలో అంకెలు మధ్యలోనే ఆగిపోయాయి. క్లస్టర్‌మ్యాప్‌లోనూ అంకెలు రాసేది ఇదే హీట్‌మ్యాప్ కాబట్టి, ఇది తేలకుండా ముందుకు వెళ్లి లాభం లేదు.

పోయినసారి వాడింది సీబోర్న్ (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) ద్వారా తెచ్చుకున్న ఫ్లైట్స్ డేటా. 1949 నుంచి 1960 దాకా నెలనెలా విమాన ప్రయాణికుల సంఖ్య, వేలల్లో. నెలలు అడ్డ వరుసలు, సంవత్సరాలు నిలువు వరుసలు. మొత్తం 12 × 12, అంటే 144 గళ్లు. ఎడమ పైమూల గడిలో 112, కుడి కిందిమూల గడిలో 432 కనిపించాలి. చాలామందికి జనవరి వరుసలో 112 నుంచి 417 దాకా వచ్చి, ఫిబ్రవరి నుంచి కిందంతా ఉత్త రంగులే మిగిలాయి.

పివట్ (పొడవాటి డేటాను అడ్డ, నిలువు వరుసల పట్టికగా మార్చడం) దగ్గరే ఆగిపోయినవాళ్ల సమస్య వేరు. పట్టికల లైబ్రరీ పాండాస్ 2.0 నుంచి ఇండెక్స్, కాలమ్స్, వాల్యూస్ అని పేరుపేరునా రాసి ఇవ్వాలి. పాత పాఠాలు చూసి పేర్లు లేకుండా ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. అలాగే మ్యాట్‌ప్లాట్‌లిబ్ (సీబోర్న్ వెనక ఉండి బొమ్మ గీసే లైబ్రరీ) స్టైల్‌కి ఉత్త ‘సీబోర్న్’ అని పేరిస్తే 3.8 నుంచి ఒప్పుకోదు, ఇప్పుడా పేరు చివర వి0_8 ఉంటుంది. ఇలాంటివాటికి నేను భయపడను. ఎర్రర్ మెసేజ్ చివరి వాక్యం చదివితే దారి దొరుకుతుంది.

హీట్‌మ్యాప్ సంగతి అలా కాదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రన్ అవుతుంది, బొమ్మ వస్తుంది, అదీ సగం బొమ్మ. రెండు క్లాసుల కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ (మోడల్ అంచనాలు ఎన్ని ఒప్పో, ఎన్ని తప్పో చూపే పట్టిక) గీస్తే పై రెండు గళ్లలోనే అంకెలుంటాయి, కింది రెండూ ఖాళీ. అలాంటి బొమ్మ ప్రాజెక్ట్ రిపోర్టులోకి వెళ్లిపోతే ఎంత నష్టమో ఆలోచించండి.

మీరు రాసి పంపినవి చూస్తే మూడు రకాలున్నాయి. ‘మొదటి వరుసే వచ్చింది’ అన్నవాళ్లు ఎక్కువ. మూడే సంవత్సరాలు తీసుకుని గీసినవాళ్లు ‘నాకు నాలుగు వరుసలు వచ్చాయి’ అన్నారు. మూడు నెలలే తీసుకున్నవాళ్లకు మొత్తం మీద మూడే అంకెలు. మూడూ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. వరుసలు వదిలేసి అంకెలున్న గళ్లు లెక్కపెట్టండి. 12 × 12 పట్టికలో 12. 12 × 3 పట్టికలోనూ 12, అందుకే నాలుగు వరుసలు నిండాయి. 3 × 12 పట్టికలో 3. పట్టికలో ఎన్ని అడ్డ వరుసలుంటే అన్నే అంకెలు రాసి ఆగిపోతోంది. సమస్య ఒక్కటే.

అంకెలు ఉన్నాయేమో, రంగులో కలిసిపోయాయేమో అని అక్షరాలకు నలుపు రంగు ఇచ్చి చూసినవాళ్లున్నారు. ఆ అనుమానం అర్థం లేనిది కాదు. గడి రంగు ముదురైతే తెల్ల అంకె, లేతైతే నల్ల అంకె సీబోర్న్ తనే ఎంచుకుంటుంది. కానీ రంగులు మార్చి చూసే బదులు నేరుగా అడగండి. హీట్‌మ్యాప్ తిరిగిచ్చే యాక్సీస్‌ను (axes, గ్రాఫు గీసిన చోటు) ఒక పేరులో దాచుకుని, దాని టెక్స్ట్స్ జాబితా పొడవు ప్రింట్ చేయండి. 144 వస్తే అంకెలు ఉన్నాయి, కనబడటం లేదు. 12 వస్తే అసలు రాయనే లేదు. గ్రాఫులో ఏదైనా కనిపించనప్పుడు నేను మొదట చేసే పని ఇదే.

కారణం ఇది. రంగుల గళ్లను గీసేది మ్యాట్‌ప్లాట్‌లిబ్, వాటిమీద అంకెలు రాసేది సీబోర్న్. రాయడానికి అది ఐదు జాబితాలను పైథాన్ జిప్‌తో కలిపి నడుపుతుంది: అడ్డ స్థానం, నిలువు స్థానం, గడి విలువ, గడి రంగు, రాయాల్సిన అంకె. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.7 దాకా గడి విలువలు ఒకే పొడవాటి జాబితాగా, 144గా వచ్చేవి. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 3.8 నుంచి పట్టిక ఆకారంలోనే, 12 వరుసలుగా వస్తున్నాయి. పరీక్ష పేపర్లకు పిన్ కొట్టేటప్పుడు ఐదు దొంతరల్లోంచి ఒక్కో కాగితం తీస్తాం కదా, మూడో దొంతరలో విడి కాగితాల బదులు పన్నెండేసి కాగితాల కట్టలు పెడితే ఏమవుతుంది? ఒక్కోసారి ఒక్కో కట్ట మొత్తం వెళ్లిపోతుంది, పన్నెండు సెట్లకే ఆ దొంతర ఖాళీ. జిప్‌కి ఒక జాబితా అయిపోతే చాలు, ఏమీ అనకుండా ఆపేస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ మూడో జాబితాలోని విలువ బొమ్మ మీదికి రాదు. ఈ గడికి మాస్క్ (గడిని దాచమనే గుర్తు) ఉందా లేదా అని చూడటానికే అది అక్కడుంది.

లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ ముందే ఎందుకు అడ్డుపడలేదు? సీబోర్న్ 0.12.2 పెట్టిన షరతు ‘మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.1 లేదా ఆపైది, 3.6.1 మాత్రం వద్దు’ అని. పై హద్దు లేదు. కాబట్టి 3.8 దానికి అభ్యంతరం కాలేదు.

మందు సీబోర్న్ 0.13.0 లేదా ఆపై వెర్షన్. ఇంకేమీ మార్చక్కర్లేదు, మీ కోడ్ సరిగ్గానే ఉంది. కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో సీబోర్న్ ముట్టుకోకూడదంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను 3.8 కంటే కిందికి దించండి. నాకైతే దించడం ఇష్టం ఉండదు. ఇవాళ దీనికోసం దించితే రేపు మరో లైబ్రరీ కొత్తదే కావాలంటుంది. లూప్ పెట్టి అంకెలు చేత్తో రాసుకోవడం మాత్రం వద్దు. అప్‌డేట్ చేసిన రోజున ఒక్కో గడిలో రెండేసి అంకెలు పడతాయి.

ఇక ‘అప్‌డేట్ చేశాను, అయినా అంతే’ అన్నవాళ్ల దగ్గరికి వస్తాను. ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కున్నారు, కాస్త ఓపిగ్గా చదవండి.

పైథాన్ ఒకసారి ఇంపోర్ట్ చేసిన మాడ్యూల్‌ను మెమరీలో పెట్టుకుంటుంది. డిస్క్ మీద కొత్త సీబోర్న్ వచ్చినా, నడుస్తున్న కెర్నల్ (నోట్‌బుక్ వెనక పనిచేసే పైథాన్) పాతదాన్నే వాడుతుంది. ఇంపోర్ట్ సెల్ మళ్లీ రన్ చేస్తే కొత్తది రాదు. బ్రౌజర్ ట్యాబ్ మూసి తెరిస్తే రాదు, వెనక కెర్నల్ నడుస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూత వేసి తీసినా రాదు. కెర్నల్ మెనూలో రీస్టార్ట్ నొక్కాలి. కోలాబ్‌లో అయితే రన్‌టైమ్ మెనూలో సెషన్ రీస్టార్ట్.

రీస్టార్ట్ చేసినా మారకపోతే మీరు అప్‌డేట్ చేసిన పైథాన్ వేరు, నోట్‌బుక్ వాడే పైథాన్ వేరు. టెర్మినల్‌లో పిప్ కొట్టి ‘0.13 చూపిస్తోంది సార్’ అంటే నాకు ఏమీ తెలిసినట్టు కాదు. ఆ టెర్మినల్ ఏ పైథాన్‌కి పెట్టిందో ఎవరికి తెలుసు? నోట్‌బుక్‌లోనే సిస్ మాడ్యూల్ ఇంపోర్ట్ చేసి ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేయండి, ఏ ఫోల్డర్‌లోని పైథాన్ నడుస్తోందో తెలుస్తుంది. ఇన్‌స్టాల్ కూడా నోట్‌బుక్ సెల్‌లోంచే, పిప్ ముందు పర్సెంట్ గుర్తు పెట్టి చేయండి. ఆశ్చర్యార్థకం పెడితే అది షెల్‌కి దొరికిన పిప్‌ను పిలుస్తుంది, అది మీ కెర్నల్‌దే అన్న భరోసా లేదు. పర్సెంట్ గుర్తుతో అయితే ఆ కెర్నల్‌కే వెళ్తుంది. ఆ తర్వాత రీస్టార్ట్. ఆ తర్వాత అదే నోట్‌బుక్‌లో సీబోర్న్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ రెండింటి వెర్షన్లూ ప్రింట్ చేయండి. సమస్య రాసి పంపేటప్పుడు ఈ మూడూ ఉండాలి: పైథాన్ ఉన్న చోటు, రెండు వెర్షన్లు. ఇవి లేకుండా స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే నేను ఊహించడం తప్ప చేయగలిగింది లేదు. నా నోట్‌బుక్‌లన్నిటిలో మొదటి సెల్ ఈ మూడూ ప్రింట్ చేసేదే.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టంగానే ఉంటుంది. రెండు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు (లైబ్రరీలను విడివిడిగా ఉంచుకునే పైథాన్ చోట్లు) చేయండి. రెండింటిలోనూ మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.8.0, ఒకదాంట్లో సీబోర్న్ 0.12.2, ఇంకోదాంట్లో 0.13.0. ఫ్లైట్స్ పట్టికలోంచి 5 నెలలు, 8 సంవత్సరాలు తీసుకుని, పాతదాంట్లో ఏ గళ్లలో అంకెలు వస్తాయో ముందు కాగితం మీద గుర్తుపెట్టి, తర్వాత గీయండి. తర్వాత సీబోర్న్ లేకుండా మ్యాట్‌ప్లాట్‌లిబ్ పీకలర్‌మెష్‌తో అవే గళ్లు గీసి, గడి విలువలను తిరిగిచ్చే గెట్ అరే ఇచ్చేదాని షేప్ (ఆకారం) ప్రింట్ చేయండి. ఐదు జాబితాల జిప్ లూప్ మీరే రాయండి. పైథాన్ 3.10 లేదా ఆపైది ఉంటే జిప్‌కి స్ట్రిక్ట్ = ట్రూ ఇచ్చి చూడండి, నోరు మెదపకుండా ఆగిపోయిన లూప్ ఈసారి వాల్యూఎర్రర్ ఇస్తుంది. చివరిగా, కోరిలేషన్ మ్యాట్రిక్స్‌లో (కాలమ్‌ల మధ్య సంబంధం చూపే పట్టిక) వికర్ణంతో సహా పై త్రిభుజానికి మాస్క్ వేస్తే పాత జంటలో (సీబోర్న్ 0.12.2, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.8.0) ఏమవుతుందో రన్ చేయకముందే రాసిపెట్టండి. మూడో జాబితా పని ఏమిటో పైన చెప్పాను, జవాబు అందులోనే ఉంది.