ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థలో వైద్యరంగం – 3వ పాఠం: ఆస్పత్రి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది

గత పాఠంలో ఒక ఊహా ప్రాంతాన్ని తీసుకుని ఉద్యోగాల లెక్క వేశాం. అక్కడ మొత్తం 2,00,000 మంది పనిచేస్తుంటే 18,000 మంది వైద్యరంగంలో ఉన్నారు. అంటే 9 శాతం. దేశం మొత్తం మీద ఆ వాటా 6 శాతం. 9ని 6తో భాగిస్తే 1.5 వచ్చింది. దాన్నే లొకేషన్ కోషెంట్ అన్నాం. దేశ సగటు లెక్కన ఆ ప్రాంతానికి 12,000 మంది సరిపోవాలి కాబట్టి, మిగతా 6,000 మందిని ‘అదనం’ అని రాసుకున్నాం.

చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి. ఆ 6,000 మంది బయటి నుంచి డబ్బు సంపాదించి పెడుతున్నారని తేల్చేస్తాయి. కానీ ఉద్యోగాల లెక్క చూస్తే ఎంతమంది పనిచేస్తున్నారో తెలుస్తుందే తప్ప, వాళ్ల జీతం ఎవరి జేబులోంచి వస్తోందో తెలియదు. ఒక ప్రాంతం బాగుపడిందా లేదా అన్నది తేలేది ఆ జేబు దగ్గరే. ఈ పాఠంలో చేసేది ఆ జేబును పట్టుకునే పని. దీనికి రెండు పట్టికలు కావాలి: ఒకటి రాబడికి, ఒకటి పోబడికి.

ముందు ఆ 1.5ను కాస్త అనుమానించాలి

కోషెంట్ పెరగడానికి బయటి పేషెంట్లే కారణం కానక్కర్లేదు. ఆ ప్రాంతంలో వృద్ధులు ఎక్కువ ఉండొచ్చు. మెడికల్ కాలేజీ ఉంటే బోధన సిబ్బంది కూడా లెక్కలో కలిసిపోతారు. అన్నిటికంటే ఎక్కువగా పొరపాటు పడే చోటు ఇంకొకటుంది. భాగహారంలో కింద ఉండేది మొత్తం ఉద్యోగాల సంఖ్య. మిగతా పరిశ్రమలు కూలిపోతే, ఆస్పత్రిలో ఒక్క నర్సును కూడా కొత్తగా తీసుకోకపోయినా వైద్యరంగం వాటా పెరిగిపోతుంది.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌ను చూడండి. 1980లలో అక్కడి ఉక్కు కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. పని వెతుక్కుంటూ యువకులు వెళ్లిపోయారు, పెద్దవాళ్లు మిగిలారు. ఇవాళ పెన్సిల్వేనియా రాష్ట్రంలో ప్రభుత్వాన్ని పక్కనపెడితే అతి పెద్ద యజమాని యూపీఎంసీ. అది పిట్స్‌బర్గ్ కేంద్రంగా నడిచే ఆస్పత్రుల సంస్థ. ఉక్కు కంపెనీ కట్టించుకున్న ఆకాశహర్మ్యం మీద ఇప్పుడు ఆ సంస్థ పేరే కనిపిస్తుంది. అక్కడ వైద్యరంగం నిజంగానే పెరిగింది, అందులో సందేహం లేదు. అయితే వాటా పెరగడంలో కొంత భాగం ఆస్పత్రులు ఎదగడం వల్ల వచ్చింది, కొంత భాగం ఉక్కు పోవడం వల్ల వచ్చింది. కోషెంట్ ఒక్కటే చూస్తే ఈ రెంటినీ విడదీయలేం. అందుకే వాటా పక్కనే పదేళ్ల కిందటి ఉద్యోగాల సంఖ్యను కూడా రాసుకునే అలవాటు చేసుకోండి.

పిట్స్‌బర్గ్‌లో మిగిలిన ఆ పెద్దవాళ్ల వైద్యానికి డబ్బు ఎవరిచ్చారు? 1965లో చట్టమైన మెడికేర్ 65 ఏళ్లు నిండినవాళ్ల ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది. ఆ నిధికి దేశమంతటా ఉద్యోగుల జీతాల నుంచి పన్ను జమవుతుంది. అంటే పేషెంటు స్థానికుడు, డబ్బు మాత్రం బయటిది. మొదటి పట్టికకు మూలసూత్రం ఇదే: పేషెంటు ఎక్కడివాడన్నది ఒక ప్రశ్న, బిల్లు ఎవరు కడుతున్నారన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకూడదు.

మొదటి పట్టిక: రాబడి

ఆస్పత్రి ఆదాయాన్ని 100 అనుకుని మూడు గళ్లలో వేయండి.

మొదటి గడి బయటి పేషెంట్లది. వాళ్లు సొంతంగా కట్టినా, వాళ్ల తరఫున బీమా కంపెనీ కట్టినా ఆ డబ్బు ప్రాంతానికి కొత్తదే. మన ఉదాహరణలో ఇది 25.

రెండో గడి: పేషెంటు స్థానికుడు, కట్టేది బయటివాళ్లు. కేంద్ర ప్రభుత్వ పథకాలు, వేరేచోట ప్రధాన కార్యాలయం ఉన్న బీమా కంపెనీలు ఇందులోకి వస్తాయి. ఇది 30 అనుకుందాం. కానీ మొత్తం 30నీ లాభంగా రాసుకోకండి. ఆ పథకాల కోసం ఈ ప్రాంతంవాళ్లూ పన్నులు కట్టారు, బీమాకు ప్రీమియంలు కట్టారు. అలా వెళ్లింది 18 అయితే నికరంగా వచ్చింది 12 మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న యువకులు ఎక్కువున్న ప్రాంతంలో ఈ గడి మైనస్‌లోకి కూడా పోవచ్చు.

మూడో గడి: పేషెంటూ స్థానికుడే, కట్టేదీ స్థానికుడే. ఇది 45. మామూలుగా చూస్తే ఇక్కడ కొత్త డబ్బేమీ లేదు. ఆస్పత్రికి కట్టిన కుటుంబం ఇంకోచోట ఖర్చు తగ్గించుకుంటుంది. ఆస్పత్రికి వచ్చింది వేరే దుకాణానికి పోయిందే. అయితే ఈ గడిలో దాగి ఉన్న భాగం ఒకటుంది. గుండె ఆపరేషన్ ఇక్కడ లేకపోతే ఆ కుటుంబం పెద్ద నగరానికి వెళ్లి అక్కడే డబ్బు పోసి వచ్చేది. ఆపరేషన్ ఇక్కడ జరగడం వల్ల బయటికి పోకుండా ఆగిన డబ్బు, బయటి నుంచి వచ్చిన డబ్బుతో సమానం. అది 10 అనుకుందాం.

ఇప్పుడు కూడండి: 25, 12, 10 కలిపి 47. ఆస్పత్రి ఆదాయం 100 అయినా, ప్రాంతానికి కొత్తగా దక్కింది 47.

ఆగిన డబ్బును నేను ఇంత పట్టుబట్టి లెక్కించమనడానికి కారణం ఉంది. అమెరికా గ్రామీణ కౌంటీల్లో ఆస్పత్రులు మూతపడ్డాక ఏం జరిగిందో పరిశీలించిన అధ్యయనం ఒకటి 2006లో వెలువడింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఆస్పత్రి మూతపడిన చోట తలసరి ఆదాయం 4 శాతం తగ్గింది, నిరుద్యోగం 1.6 శాతం పాయింట్లు పెరిగింది. దగ్గర్లో ఇంకో ఆస్పత్రి ఉన్న చోట మాత్రం దీర్ఘకాలిక నష్టం కనిపించలేదు. మూడో గడిని రెండు ముక్కలు చేసి చూస్తే ఇది ఎందుకు జరిగిందో అర్థమవుతుంది. పక్కనే ఇంకో ఆస్పత్రి ఉంటే డబ్బు చేతులు మారుతుంది, ప్రాంతం దాటి పోదు. ఉన్న ఒక్కటీ పోతే పేషెంట్లతోపాటు డబ్బూ వెళ్లిపోతుంది. కాబట్టి ఒక ఆస్పత్రి విలువ దాని పడకల సంఖ్యతో తేలదు. అది లేకపోతే జనం ఎక్కడికి వెళ్లేవాళ్లో అడగాలి.

ఈ అంకెలు ఎక్కడ దొరుకుతాయి? డిశ్చార్జి రిజిస్టర్‌లో. పేషెంటు చిరునామా, ఉన్న రోజులు, విభాగం, బిల్లు కట్టిన తీరు అందులో ఉంటాయి. పేర్లు తీసేసిన జాబితా చాలు, అదే అడగండి. ఎవరి వ్యక్తిగత వివరాలూ మీకు అవసరం లేదు. చిరునామా గడిని మాత్రం కళ్లుమూసుకుని నమ్మకండి. దూరం నుంచి వచ్చినవాళ్లు చాలాసార్లు ఊళ్లో ఉన్న బంధువు చిరునామా రాయిస్తారు. అందువల్ల బయటి పేషెంట్లు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తారు. రిఫరల్ లెటర్ ఏ ఊరి డాక్టర్ రాసిందో కూడా రికార్డుల విభాగాన్ని జాబితాలో చేర్చమంటే ఈ తేడా చాలావరకు బయటపడుతుంది. ఇంకో జాగ్రత్త: మనుషులను లెక్కపెట్టి ఊరుకోవద్దు, బిల్లులను లెక్కపెట్టండి. జ్వరానికి ఓపీలో చూపించుకుని వెళ్లేవాళ్లు ఎక్కువగా స్థానికులే. దూరం నుంచి వచ్చేవాళ్లు పెద్ద చికిత్సలకు వస్తారు. తలల లెక్కలో పదో వంతు ఉన్నవాళ్లు బిల్లుల లెక్కలో నాలుగో వంతు ఉండొచ్చు.

రిజిస్టర్‌లో అసలు కనిపించని డబ్బు కూడా ఉంది. పేషెంటుతో వచ్చిన అటెండెంట్లు గది తీసుకుంటారు, తింటారు, తిరుగుతారు. అమెరికా మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్ జనాభా 2020 జనగణన ప్రకారం సుమారు 1.2 లక్షలు. 1883లో వచ్చిన టోర్నడో తర్వాత అక్కడి సన్యాసినులు ఆస్పత్రి కట్టాలని పూనుకున్నారు. 1889లో సెయింట్ మేరీస్ ఆస్పత్రి తెరుచుకుంది. మేయో కుటుంబం వైద్యం దాంతోపాటే ఎదిగింది. ఇప్పుడు మేయో క్లినిక్ కోసం ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఆ ఊరి హోటళ్లకు, రవాణాకు ఆధారం వాళ్లే. 2013లో మిన్నెసోటా శాసనసభ అక్కడి పౌర సదుపాయాల కోసం 58.5 కోట్ల డాలర్ల ప్రజాధనంతో పెద్ద పథకానికి ఆమోదం తెలిపింది. అలాంటి ఊళ్లో అటెండెంట్ల ఖర్చు వదిలేస్తే లెక్కలో సగం పోయినట్టే. మామూలు ప్రాంతంలో అయితే దానికి విడిగా ఒక వరస రాసుకుంటే సరిపోతుంది.

రెండో పట్టిక: పోబడి

కొత్తగా వచ్చిన డబ్బు ఊళ్లో ఎంత నిలుస్తుంది? మళ్లీ 100తో మొదలుపెడదాం. ఈ అంకెలు సాధన కోసం వేసుకున్నవే. జీతాలు 50. మందులు, ఇంప్లాంట్లు, యంత్రాలు 30. కరెంటు, లాండ్రీ, మరమ్మతులు, సెక్యూరిటీ వంటి స్థానిక కొనుగోళ్లు 12. మిగిలిన 8 వడ్డీ, లాభం. యజమానులు వేరే ఊళ్లో ఉన్నారనుకుందాం, కాబట్టి ఆ 8 బయటికి పోయింది. మందులు, యంత్రాల 30 కూడా అంతే. 50 జీతాల్లో 10 రోజూ బయటి నుంచి వచ్చిపోయే డాక్టర్లకు, స్పెషలిస్టులకు. ఊళ్లో ఉండేవాళ్లకు దక్కింది 40. స్థానిక కొనుగోళ్లు 12లో సగం సరుకు రూపంలో బయటికి పోతుంది, సగం ఇక్కడి మనుషుల ఆదాయం అవుతుంది. అంటే 6. మొదటి విడతలో స్థానిక ఆదాయం 46.

ఈ 46 అందుకున్నవాళ్లు పన్నులు, పొదుపు, బయటి ఖర్చులు పోను 60 శాతం ఊళ్లో ఖర్చుపెడతారు. అందులోనూ సగమే స్థానికుల ఆదాయంగా మిగులుతుంది. 0.6ను 0.5తో గుణిస్తే 0.3. కాబట్టి రెండో విడతలో 13.8, మూడో విడతలో 4.1, అలా తగ్గుతూ పోతుంది. అన్ని విడతలూ కూడడానికి 46ను 0.7తో (1లోంచి 0.3 తీసేస్తే వచ్చేది) భాగించండి. సుమారు 66 వస్తుంది. వచ్చిన డబ్బు చేతులు మారుతూ మొత్తం ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకెను గుణకం (మల్టిప్లయర్) అంటారు. ఆర్థికవేత్త రిచర్డ్ కాన్ 1931లో చూపించిన గుణకం తర్కం ఇదే. దాన్ని 1936లో మరో ఆర్థికవేత్త కీన్స్ ప్రపంచమంతా వ్యాపింపజేశాడు.

100 వస్తే 66 ఏమిటి, గుణకం అంటే పెరగాలి కదా అని మీకు అనిపిస్తుంది. ఇదే లెక్కను ఆదాయం బదులు అమ్మకాల్లో వేయండి. ఆస్పత్రి అమ్మకం 100, అది కొన్నవి 12, ఆదాయం పొందిన కుటుంబాలు ఊళ్లో కొన్నవి సుమారు 39. మొత్తం 151. ఊరు అదే, ఆస్పత్రి అదే. ఒక నివేదిక 1.51 అంటుంది, ఇంకొకటి 0.66 అంటుంది. రెండూ అబద్ధం కాదు. కానీ అమ్మకాల గుణకంలో బయటి ఫ్యాక్టరీకి పోయిన మందుల ఖరీదు కూడా కలిసి ఉంటుంది. జనం చేతికి వచ్చేది ఆదాయమే కాబట్టి నేను ఎప్పుడూ రెండో అంకెనే తీసుకుంటాను. ఎవరైనా పెద్ద గుణకం చూపిస్తే అది అమ్మకాలదా, ఆదాయానిదా అని ముందు అడగండి.

మొదటి పట్టికలో వచ్చిన 47కు ఈ 0.66 వేస్తే 31. ఆస్పత్రి ఆదాయం 100లో ప్రాంతానికి నికరంగా కలిసింది సుమారు 31. చిన్నదిగా కనిపించినా గట్టి అంకె ఇది. ఎవరి ముందైనా నిలబెట్టుకోవచ్చు.

ఏది మారిస్తే ఎంత మారుతుంది

పట్టిక సిద్ధమయ్యాక దానితో ప్రయోగాలు చేయొచ్చు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మందులు, పరికరాల 30లో 10 ఇక్కడే తయారవుతున్నాయనుకోండి. దాని సగం, అంటే 5, స్థానిక ఆదాయానికి కలుస్తుంది. 51ని 0.7తో భాగిస్తే 73. దీనికి మంచి ఉదాహరణ మదురై. 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆస్పత్రి, శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే లెన్స్‌లను తయారు చేయడానికి 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పింది. దిగుమతి లెన్స్ ధరలో చిన్న వంతుకే లెన్స్ తయారైంది, పేదవాళ్లకూ అందింది, ఇతర దేశాలకూ ఎగుమతి అయింది. అయితే ఏడాది పొడవునా ఒకే రకం వస్తువును పెద్ద సంఖ్యలో వాడే ఆస్పత్రికే ఇది సాధ్యం. ఎంఆర్‌ఐ యంత్రాన్ని ఏ మామూలు ప్రాంతమూ తయారు చేసుకోలేదు.

ఇప్పుడు ఇంకోటి చూడండి. రోజూ వచ్చిపోయే సిబ్బంది ఊళ్లోనే కాపురం పెడితే, లేదా స్థానిక పిల్లలు నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివి ఆ పోస్టుల్లో చేరితే, జీతాల 50 మొత్తం ఊళ్లో వాళ్లకే దక్కుతుంది. 56ను 0.7తో భాగిస్తే 80. ఫ్యాక్టరీ 73 దగ్గర ఆగితే, నర్సింగ్ కాలేజీ, ఉండడానికి ఇళ్లు, పిల్లలకు మంచి బడి కలిసి 80కి తీసుకెళ్లాయి. మన అంకెల్లో జీతాలే పెద్ద పద్దు కావడం వల్ల ఇలా వచ్చింది. చాలా ఆస్పత్రుల లెక్కల్లోనూ పెద్ద పద్దు జీతాలే.

ఒక మాట మాత్రం మరిచిపోకండి. ఈ పట్టికలో జబ్బులు పెరిగినా అంకె పెరుగుతుంది. అనవసరమైన స్కాన్లు తీసినా పెరుగుతుంది. అప్పుచేసి బిల్లు కట్టిన కుటుంబం బాధ ఇందులో ఎక్కడా కనిపించదు. ఆస్పత్రి వల్ల జనం ఆరోగ్యం ఎంత బాగుపడిందన్నది వేరే కొలత, దానికి 5వ పాఠం మొత్తం కేటాయించాను. ఈ అంకె చూపించి ఆ ప్రశ్నను దాటేసే నివేదికను ఒప్పుకోవద్దు.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సినవి

మీ ప్రాంతంలో ఒక ఆస్పత్రిని ఎంచుకోండి. రిజిస్టర్ జాబితా దొరక్కపోతే బిల్లింగ్ విభాగంలోనో రికార్డుల విభాగంలోనో పనిచేసే ఒకరితో మాట్లాడి మూడు గళ్లనూ ఉజ్జాయింపుగా నింపండి. ఒక్క నెల లెక్కతో ఊరుకోకండి, సీజన్ జ్వరాల నెల ఒకటి, మామూలు నెల ఒకటి తీసుకోండి. తర్వాత సిబ్బందిలో ఎంతమంది ఊళ్లోనే ఉంటున్నారో కనుక్కోండి. ఈ ఒక్క అంకె తెలిస్తే రెండో పట్టిక దాదాపు పూర్తయినట్టే.

చేయి తిరగడానికి ఒక లెక్క: పై ఉదాహరణలో ఊళ్లో ఉండేవాళ్లకు దక్కే జీతం 40 నుంచి 30కి పడిపోయింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి. 47కు బదులు కొత్త డబ్బు 60 అయింది. నికరంగా ప్రాంతానికి కలిసింది ఎంత? 36ను 0.7తో భాగించి, వచ్చినదాన్ని 0.6తో గుణించండి. మీకు 31 దగ్గర వస్తే సరిగ్గా చేసినట్టే. బయటి డబ్బు అంత పెరిగినా జవాబు పాత 31 దగ్గరే ఎందుకు ఆగిందో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. 4వ పాఠం ఆ వాక్యాలతోనే మొదలవుతుంది.