ఎండల్లో బీరు కిట్ కలుపుతున్నారా? ముందు బకెట్ వేడి చూడండి

టెక్సస్‌లో ఎండలు ముదిరాయి. ఇంట్లో కిట్‌తో తయారుచేసి గరాజ్‌లో అట్టపెట్టెలో పెట్టిన బీరు సీసాలు రాత్రిపూట ఒకదాని వెనక ఒకటి పేలి, గాజుపెంకులు గోడలో దిగబడ్డాయని ఈమధ్యే విన్నాం. ఆ పెట్టె పక్కనే పిల్లల సైకిళ్లు ఉన్నాయట. అదృష్టం, ఆ టైముకి అక్కడెవరూ లేరు.

పేలకపోయినా చాలా కిట్ల బీరు తాగేలా ఉండదు. నెల రోజులు ఎదురుచూసి మూత తీస్తే నెయిల్‌పాలిష్ రిమూవర్ వాసన. గొంతులో మంట. డబ్బా మంచిది కాదేమో అనుకుని ఇంకో కంపెనీది కొంటారు, అదీ అలాగే తగలడుతుంది. గిన్నెలు శుభ్రంగా కడగాలని కిట్‌తో వచ్చిన కాగితమే చెబుతుంది, అది అందరూ చేస్తున్నారు కూడా. ఎవరూ చూడనిది ఒకటుంది: బకెట్ లోపలి వేడి. సీసాలు పేలడానికీ, రుచి చెడడానికీ చాలాసార్లు మూలం అదే.

ఈస్ట్ చల్లే ముందు

మామూలు కిట్ అంటే 1.7 కిలోల మాల్ట్ (మొలకెత్తిన బార్లీ పాకం) డబ్బా, కిలో పంచదార, 7 గ్రాముల ఈస్ట్, మొత్తం 23 లీటర్లు. 2 లీటర్ల మరిగిన నీళ్లలో మాల్ట్, పంచదార కరిగించి, మిగతాది కుళాయి నీళ్లతో నింపమంటారు. చలికాలంలో అలా చేసినా సరిపోతుంది. జూన్‌లో ఇక్కడ కుళాయి విప్పితే వచ్చే నీళ్లే 28 డిగ్రీలు. వాటితో నింపితే బకెట్ 35 డిగ్రీల దగ్గర తేలుతుంది. ఆ వేడిలో ఈస్ట్ చావదు. అదే చిక్కు. చచ్చి ఉంటే పారబోసి మళ్లీ మొదలెట్టేవారు. బతికుండి, పిచ్చెక్కినట్టు పనిచేసి, రెండు రోజుల్లో పులియబెట్టేసి, ఘాటైన ఆల్కహాళ్లను వదులుతుంది. తర్వాత ఎంత చల్లబరిచినా ఆ వాసన పోదు, నెలలు నిలవ ఉంచినా పెద్దగా తగ్గదు.

ముందురోజు రాత్రే 15 లీటర్ల నీళ్లు మూతలున్న క్యాన్లలో ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు మాల్ట్, పంచదార కరిగించిన 2 లీటర్ల మరిగిన నీళ్లు, ఆ 15 లీటర్లు, మరో 4 లీటర్లు కుళాయివి. కలిపితే 19 డిగ్రీల దగ్గరికి వస్తుంది. థర్మామీటర్ ముంచి చూడండి. 20 (68 ఫారెన్‌హీట్) దాటి ఉంటే ఈస్ట్ ప్యాకెట్ చించకండి. మూతపెట్టి రెండు గంటలు ఆగినా కొంప మునగదు.

మొదటి మూడు రోజులు

ఇంట్లో ఏసీ 76 ఫారెన్‌హీట్‌కి పెట్టాం కదా, చాలదా అని అడుగుతారు. చాలదు. పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. 23 లీటర్ల బకెట్ నడిమధ్య, గది కంటే 3 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటుంది. బకెట్‌కి అంటించే స్టిక్కర్ థర్మామీటర్ ఉంటుంది చూడండి, పొద్దున 72 దగ్గర వెలిగిన గడి రెండోరోజు సాయంత్రానికి 82 దగ్గరికి పాకుతుంది. గోడ మీద థర్మోస్టాట్ మాత్రం 76 దగ్గరే నిలబడి ఉంటుంది. చూడాల్సింది గోడ కాదు, బకెట్.

ఎండాకాలం ఇడ్లీ పిండి రాత్రికి రాత్రే పొంగి గిన్నె దాటుతుంది. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. వేడి ఎక్కువైతే పులుపు ఎలా పరుగెడుతుందో మనకి తెలియనిది కాదు. బీరు ఈస్ట్ కూడా అంతే, కాకపోతే దీనికి 18 నుంచి 20 డిగ్రీలు కావాలి.

గెస్ట్ బాత్రూమ్ టబ్బులో బకెట్ పెట్టి, బకెట్ సగం మునిగేదాకా నీళ్లు పోయండి. పాత టీషర్టు తడిపి బకెట్‌కి తొడిగి, అంచులు నీళ్లలో ఉంచితే అవి పీల్చుకుంటూ ఉంటాయి. ఎదురుగా చిన్న ఫ్యాను. 2 లీటర్ల సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి, పొద్దున రెండు, సాయంత్రం రెండు టబ్బులో వేయండి. ఇలా ఐదు రోజులు తప్పదు, అందులో మొదటి 72 గంటలు ప్రాణం. రుచి అంతా అప్పుడే తయారవుతుంది. పాత ఫ్రిజ్, టెంపరేచర్ కంట్రోలర్ ఉంటే ఈ తిప్పలేవీ వద్దు. కంట్రోలర్ వైరు చివర బకెట్ ఒంటికి ఆనించి, పైన మెత్తటి గుడ్డ మడతపెట్టి టేపు వేయండి. ఫ్రిజ్‌లో గాలికి వేలాడదీస్తే మళ్లీ గది వేడి చూసినట్టే.

ఐదు రోజులు దాటాక బకెట్ మెల్లగా 21, 22కి చేరినా మంచిదే, ఈస్ట్ మిగిలిన పని పూర్తి చేస్తుంది. ఒక్కసారిగా చల్లబరచకండి. ఈస్ట్ నిద్రపోతుంది, బుడగలు ఆగుతాయి, అయిపోయిందనుకుని సీసాల్లో పోస్తారు. పేలే సీసాలకి అదొక దారి.

సీసాలు

ఎయిర్‌లాక్‌లో (బకెట్ మూతకి ఉండే, గ్యాసు బయటికి వదిలే గొట్టంలో) బుడగలు ఆగడం లెక్కలోకి రాదు. హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచి, ఎంత చక్కెర మిగిలిందో చెప్పే సాధనం) మాట వినండి. 1.040 దగ్గర మొదలైనది 1.010 దగ్గరికి రావాలి, వరసగా మూడు రోజులు అదే అంకె చూపించాలి. 1.020 దగ్గర ఆగినదాన్ని సీసాలో పోసి వేడి గరాజ్‌లో పెడితే, నిద్రపోయిన ఈస్ట్ లేచి మిగిలిన పది పాయింట్లూ సీసాలోనే తినేస్తుంది. అప్పుడు మామూలుగా ఉండాల్సిన గ్యాసుకి మూడు రెట్లు పడుతుంది. ఏ గాజు ఆగుతుంది?

గ్యాసు కోసం వేసే పంచదార లీటరుకి 6 గ్రాములు, 23 లీటర్లకి 140 గ్రాములు. చెంచాతో సీసా సీసాకీ వేయకండి. తూకం వేసి, కప్పు నీళ్లలో మరిగించి, మొత్తం బీరులో ఒకేసారి కలపండి.

ఇక మిగతావి.

జామ్ సీసాలు, వైన్ సీసాలు వద్దు. ఒత్తిడి తట్టుకునే బీరు సీసాలే. మొదటి కిట్ అయితే ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి, గ్యాసు పట్టి సీసా గట్టిపడటం చేత్తో నొక్కితే తెలుస్తుంది.

సీసాలు గరాజ్‌లో పెట్టొద్దు. ఇంట్లో, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

ఒక సీసా పేలితే మిగతావి చేత్తో ముట్టుకోకండి. కళ్లకి రక్షణ అద్దాలు, మందపాటి చేతి తొడుగులు, పైన తడి దుప్పటి. ఆ తర్వాతే డబ్బా కదపండి.

కిలో పంచదార మొత్తం వేయకండి, పల్చబడుతుంది. అరకిలో పొడి మాల్ట్, అరకిలో డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ పొడి) వేయండి.

డల్లాస్, హ్యూస్టన్ కుళాయి నీళ్లలో క్రిములు చంపడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది. మరిగిస్తే సులువుగా పోదు, బీరుకి బ్యాండేజీ వాసన పట్టిస్తుంది. బకెట్ నీళ్లకి, దాన్ని పోగొట్టే క్యాంప్‌డెన్ టాబ్లెట్ అర పొడి చేసి ముందే కలపండి.

డబ్బా మూత కింది ఈస్ట్ ఏ గోడౌన్‌లో ఎన్నాళ్లు మగ్గిందో. తేదీ చూడండి. 11 గ్రాముల కొత్త ప్యాకెట్ కొనండి.

చల్లబరిచే వీలే లేదా? నార్వేలోని వోస్ ప్రాంతపు క్వైక్ ఈస్ట్ కొనండి. 35 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పనిచేస్తుంది. మామూలు ఈస్ట్‌తో మాత్రం ఆ సాహసం చేయకండి.

ఈస్ట్ వేశాక మూత ఊరికే తీసి చూడొద్దు. సీసాల్లో పోసేటప్పుడు చిలకరించొద్దు. ఎండ తగలనివ్వొద్దు.

వారానికే తాగొద్దు. సీసాలో రెండు వారాలు, ఆ తర్వాతే ఫ్రిజ్.

అమ్మొద్దు. ఫెడరల్ చట్టం ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200 ఒప్పుకుంటుంది, అదీ సొంతానికే.

ఊరికి వెళ్తూ కిట్ సూట్‌కేసులో పెట్టుకోవద్దు. ఆంధ్రలో, తెలంగాణలో లైసెన్సు లేకుండా కాయడం నేరం.

బకెట్‌కి అంటించే థర్మామీటర్ ఇంకా కొనలేదా? అయితే ఈ వారాంతం డబ్బా మూత తీయకండి.