బరువు తగ్గాలన్న పట్టుదల సడలకుండా ఉండాలంటే

మొదటి వారం ఉన్న ఊపు మూడో వారానికి ఉండదు, అది అందరికీ మామూలే, కాబట్టి మూడ్ వచ్చాక చేద్దాంలే అని కూర్చోకండి. టైమ్ ముందే ఫిక్స్ చేసుకోండి. రాత్రే బట్టలు, బూట్లు మంచం పక్కన పెట్టుకుని పడుకోండి, పొద్దున లేవగానే వెతుక్కోవాల్సి వస్తే మళ్లీ ముసుగు తన్నడానికి ఆ సాకు చాలు. ఒళ్లు అస్సలు వంగని రోజున పది నిమిషాలే నడుస్తానని బయటికి రండి. చాలాసార్లు ఆ పది కాస్తా అరగంట అవుతుంది, కాకపోయినా నష్టం లేదు.

అసలు ఉసూరుమనిపించేది బరువు చూసే మిషనే. మొదట్లో గబగబా తగ్గేదాంట్లో చాలావరకు నీరే, ఎందుకంటే శరీరం దాచుకున్న గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థాల నుంచి నిల్వ చేసుకున్న చక్కెర) ఒక్కో గ్రాముకి సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయ్యాక వేగం తగ్గడం సహజం. ఉప్పు ఎక్కువైనా, కొత్త వ్యాయామంతో కండరాలు పట్టేసినా రాత్రికి రాత్రే కిలో పెరిగినట్టు కనిపించవచ్చు, అది కొవ్వు కాదు. రోజువారీ అంకె చూసి టెన్షన్ పడకుండా వారం సగటు చూడండి, నెలకోసారి టేపుతో నడుము కొలవండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం; దాన్ని ఎలా ముక్కలు చేసుకుంటారో మీ ఇష్టం. ఒకరోజు తప్పితే తప్పింది, మర్నాడు రెట్టింపు చేసి కసి తీర్చుకోవద్దు, ఎప్పటిలాగే మొదలుపెట్టండి.