అరవై మంది క్లాసులో జిగ్‌సా పాఠం ఎలా చెప్పాలి?

"మీలో మీరు డిస్కస్ చేసుకోండి" అని చెప్పి లెక్చరరు హాజరు పట్టీ దిద్దుకుంటే అది జిగ్‌సా కాదు. మన డిగ్రీ కాలేజీల్లో ఎక్కువగా జరిగేది అదే. జిగ్‌సా అంటే పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరూ ఒక్కో ముక్క నేర్చుకుని జట్టులో మిగతావాళ్లకి చెప్పడం.

కావలసినవి: వరుసగా రెండు పీరియడ్లు, తెల్ల కాగితాలు. ఫోన్లు బ్యాగుల్లోనే.

ద్రవ్యోల్బణం పాఠం తీసుకోండి. ఐదు ముక్కలు చేయండి: అంటే ఏమిటి, ఎందుకొస్తుంది, ఎలా కొలుస్తారు, ఎవరికి దెబ్బ, రిజర్వ్ బ్యాంకు ఏం చేస్తుంది. ఐదుగురు చొప్పున 12 జట్లు, మనిషికో ముక్క. స్నేహితుల్ని ఒకే జట్టులో వేయొద్దు. ఒకటి నుంచి 12 దాకా అంకెలు చెప్పించి, ఒకే అంకె వచ్చినవాళ్లని కలపాలి, అంతే.

ఒకే ముక్క వచ్చిన 12 మంది ఆరుగురేసి కూర్చుని ముందు నేర్చుకుంటారు. తర్వాత సొంత జట్టుకెళ్లి చెబుతారు. అంతా చెడేది ఈ నేర్చుకునే దగ్గరే. ఇంగ్లీషు ధాటిగా మాట్లాడే ఒకడు వివరిస్తాడు, మిగతా ఐదుగురూ కాగితం మీదకి ఎక్కించుకుంటారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల జట్టులోకెళ్లి ఆ కాగితం అప్పజెబుతుంది.

అందుకని మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. చదివి, సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాసుకోవాలి. తర్వాత వంతులవారీగా, కాగితం బోర్లించి, తెలుగులోనే చెప్పాలి. టెర్మ్‌లు ఇంగ్లీషులో ఉంటే ఉండనివ్వండి. పక్కవాళ్లు ఒక్క ప్రశ్నయినా అడగాలి. ఆరుగురూ చెప్పేదాకా కదలనివ్వకండి. నోరు విప్పని పిల్లను "నువ్వు చెప్పమ్మా" అని అందరి ముందూ లేపొద్దు. ఒకసారి లేపాను, మర్నాడు ఆ పిల్ల క్లాసుకే రాలేదు. వంతు వస్తే వాళ్లే చెబుతారు. పోయినేడు ఒకమ్మాయి రెపో రేటు (బ్యాంకులకిచ్చే అప్పు మీద రిజర్వ్ బ్యాంకు వేసే వడ్డీ) వివరించిన తీరు చూడాలి: "బ్యాంకుకే అప్పు ఖరీదైతే, మా అమ్మ డ్వాక్రా లోను మీద వడ్డీ ఎందుకు తగ్గిస్తారే?"

సెమినార్లు పెడితే చాలదా అంటారు. ఒకరు పీపీటీ చదువుతారు, 59 మంది కునుకు తీస్తారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల పిల్లలు కొత్తగా ఒకే బడిలో చేరి గొడవలు పడుతుంటే ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ జిగ్‌సా పద్ధతి పెట్టాడు. పక్కవాడి ముక్క వినకపోతే మన పాఠం పూర్తికాదు. మీడియం గోడ కట్టుకున్న మన క్లాసులకు అచ్చంగా సరిపోయేది ఇదే.

చివరి పది నిమిషాలు చిన్న టెస్టు, ఎవరి మార్కులు వాళ్లకే. జట్టుకంతా కలిపి మార్కులిస్తే ఒకడు రాస్తాడు, నలుగురు సంతకాలు పెడతారు. ఎవరైనా రాకపోతే ఆ ముక్క తెలిసినవాళ్లని పక్క జట్టు నుంచి అరువు తెచ్చుకోమనండి. మీరు వెళ్లి చెప్పేయకండి.