జపాన్ సంప్రదాయ పెళ్లిలో అమ్మానాన్నలకు థాంక్స్ చెప్పడం ఎలా

జపాన్ సంప్రదాయ మతమైన షింటో ఆలయంలో జరిగే తంతులో మీ సొంత మాటలకు పెద్దగా చోటుండదు. పూజారి ప్రార్థన, మూడు గిన్నెల్లో సాకే అనే బియ్యపు మద్యం తాగడం, దేవుడి ముందు ప్రమాణం చదవడం, అంతే. అమ్మానాన్నలకు చెప్పాల్సిందంతా ఆ తర్వాత జరిగే విందులో, అంటే హిరోఎన్‌లో, అదీ చివర్లో చెప్పాలి.

అయితే ఆలయానికి బయల్దేరే ముందే చిన్న అవకాశం ఒకటుంది. పెళ్లికూతురు షిరోముకు అనే తెల్ల కిమోనోలో సిద్ధమయ్యాక ఆఖరున అమ్మ చేత పెదాలకు ఎరుపు దిద్దించుకోవచ్చు, దీన్ని బెనిసషి అంటారు. అలంకరణ చేసేవాళ్లకు ముందే చెప్పిపెట్టండి, లేదంటే వాళ్లే దిద్దేస్తారు. అమ్మతో అనాలనుకున్నది ఆమె కుంచె పట్టుకోకముందే ఒక్క మాటలో అనేయండి, ఎందుకంటే పెదాలు కదిపితే రంగు చెదురుతుంది, ఏడిస్తే మేకప్ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక అసలుది ఉత్తరం. హనయోమె నో తెగామి, పెళ్లికూతురు అందరి ముందూ నిలబడి అమ్మానాన్నలకు చదివే ఉత్తరం. రెండు మూడు నిమిషాలు దాటనివ్వకండి. 400 అక్షరాల గళ్ల కాగితం ఒకటి చదవడానికి దాదాపు నిమిషం పడుతుంది కాబట్టి రెండు కాగితాలు చాలు. మొదట అతిథుల అనుమతి అడగాలి, తర్వాత జ్ఞాపకం, కృతజ్ఞత, చివర్లో అత్తమామలకు ఒక మాట, ఇదీ వరస. దీంట్లో జ్ఞాపకం దగ్గరే చాలా ఉత్తరాలు చప్పబడిపోతాయి. "ఇన్నేళ్లు ప్రేమగా పెంచారు" అని ఏ పెళ్లికూతురైనా రాయగలదు. ఎంట్రన్స్ పరీక్షల రోజుల్లో తెల్లవారకముందే లేచి బెంతో, అంటే మధ్యాహ్న భోజనం డబ్బా సర్దిన అమ్మ, ఆఖరి రైలు దిగిన కూతురి కోసం స్టేషన్ బయట కారులో కూర్చున్న నాన్న, అలాంటిది మీ ఇంట్లో ఏముందో అది రాయండి, ఒక్కటి చాలు, పది ఏకరువు పెడితే వినేవాళ్లకు ఏదీ గుర్తుండదు. తెగడం, విడిపోవడం, ముగియడం, తిరిగి రావడం లాంటి అర్థమొచ్చే మాటలు పెళ్లిలో అశుభమని పెద్దలు అనుకుంటారు, వాటిని ఇమికోతొబా అంటారు, రాసింది ఒకసారి ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా చూపిస్తే టెన్షన్ ఉండదు. ఇంట్లో గట్టిగా చదివి చూసుకోండి. చేతిరుమాలు, మైకు పెళ్లికొడుకు చేతిలో ఉంచండి.

ఉత్తరం అయ్యాక కానుకలు. అమ్మానాన్నలు విందులో ఆతిథ్యమిచ్చేవాళ్ల లెక్కలో వస్తారు కాబట్టి వేదికకు అన్నిటికన్నా దూరంగా కూర్చుంటారు. ఈ సమయానికి వాళ్లు తలుపు దగ్గర వరసగా నిలబడితే మీరిద్దరూ నడిచి వెళ్లి ఇవ్వాలి. పూలగుత్తి మామూలే. మీరు పుట్టినప్పుడు ఎంత బరువున్నారో సరిగ్గా అంత బియ్యమో, అంత బరువున్న ఎలుగుబంటి బొమ్మో ఇవ్వడం కూడా ఇప్పుడు బాగా నడుస్తోంది. ఆ బరువు అమ్మను అడిగితే గుట్టు రట్టయినట్టే, గర్భిణులకు నగరపాలక ఆఫీసులో ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య పుస్తకంలో రాసుంటుంది, చూసుకోండి. ఒకే చెక్కతో చేసిన మూడు గడియారాలు తీసుకుని రెండు పుట్టిళ్లకూ మీ కొత్త ఇంటికీ పంచుకునేవాళ్లూ ఉన్నారు. బియ్యం అయితే మూడు కిలోల దాకా ఉండొచ్చు, అది పట్టుకుని ప్రసంగం అయ్యేదాకా నిలబడమంటే పెద్దవాళ్లకు కష్టం, ఫొటో అవగానే హోటల్ సిబ్బంది తీసుకునేలా మాట్లాడుకోండి.

చాలామంది మర్చిపోయేది పెళ్లికొడుకు తండ్రి సంగతి. సాధారణంగా కానుకల తర్వాత రెండు కుటుంబాల తరఫున అతిథులకు ధన్యవాదాలు చెప్పాల్సింది ఆయనే, అప్పటికే కళ్లు తుడుచుకుంటూ ఉంటారు. వరస ఇదీ అని ముందే చెప్పి, జేబులో కాగితం పెట్టుకోమనండి. ఆ తర్వాత పెళ్లికొడుకు మాట్లాడతాడు, ఉత్తరం పెళ్లికూతురిదే అన్న వంకతో అతను తన అమ్మానాన్నల మాటే ఎత్తకపోవడం నాకైతే నచ్చదు, రెండు వాక్యాలైనా వాళ్లకోసం ఉండాలి.

అమ్మో నాన్నో లేకపోతే వాళ్ల ఫొటో విందులో వాళ్లు కూర్చోవాల్సిన కుర్చీలో పెట్టి ఉత్తరంలో పేరు పెట్టి పిలవచ్చు, వ్యాఖ్యాతకు మాత్రం ముందే తెలియాలి. నలుగురిలో ఏడవడం ఇష్టం లేని ఇంట్లో చదవడమే మానేసి, పొద్దున వెయిటింగ్ రూములో కవరు చేతికిచ్చేయొచ్చు, అప్పుడు విందులో పూలగుత్తితో సరిపెట్టినా ఎవరూ తప్పు పట్టరు.